పెరట్లో కట్టెల పొయ్యి: మే నుంచి సంక్రాంతి దాకా పని డైరీ

మే, మొదటి వారం

పని ఏమిటో ముందే చెప్పేస్తా. రాజాం దగ్గర మా ఊళ్ళో, ఇంటి వెనక పెరట్లో కట్టెల పొయ్యిలు రెండు వెయ్యాలి, వాటికి ఏడాది సరిపడా కర్రలు ఎండబెట్టి పెట్టుకోవాలి. రాజాం శ్రీకాకుళం జిల్లా కదా అని అడిగేవాళ్ళకి, 2022 ఏప్రిల్‌లో జిల్లాలు మార్చినప్పుడు మేం విజయనగరంలోకి వచ్చేశాం, చుట్టాలు మాత్రం సగం మంది అటే ఉండిపోయారు.

ఒక పొయ్యి స్నానాల నీళ్ళకి. అమ్మకి మోకాళ్ళ నొప్పులు, ధనుర్మాసం మొదలైతే వేణ్ణీళ్ళు లేకుండా తెల్లారదు. రెండోది వంటకి, అంటే రోజు వంటకి కాదు, దానికి గ్యాసుంది. కార్తీకమాసం భోజనాలకి, పండక్కి చుట్టాలొచ్చినప్పుడు, ఆదివారం నాటుకోడికి. గీజరు పెట్టించుకోక ఈ గోలంతా ఎందుకని తమ్ముడు విశాఖ నుంచి ఫోన్ చేసినప్పుడల్లా అంటాడు. 2014 అక్టోబరులో హుద్‌హుద్ తుఫాను వచ్చినప్పుడు, 2018 అక్టోబరులో తిత్లీ తుఫాను వచ్చినప్పుడు కరెంటు లేక జనం ఎన్ని తిప్పలు పడ్డారో వాడికీ తెలుసు. గీజరు పెట్టించనని నేను అనలేదు, పొయ్యి కూడా ఉండాలంటున్నాను, అంతే.

చలి సంగతి కూడా ఒక మాట. మన మైదానంలో గది వెచ్చబెట్టుకునేంత చలి ఉండదు. సీతంపేట కొండల్లో పొద్దున్నే చలిమంట లేకపోతే కష్టం గానీ ఇక్కడ వేడి అంటే రెండే, స్నానానికి నీళ్ళు, మరీ ముసలాళ్ళుంటే కుంపటి. కాబట్టి ఈ డైరీలో ఇల్లు వెచ్చబెట్టుకోవడం అంటే అంతవరకే.

ఏ కర్ర మంచిదని ఊళ్ళో అడిగితే ఒక్కొక్కరు ఒక్కో పేరు చెప్పారు. అమ్మ చింత అంది. పక్కింటి బాబాయి సరుగుడు తప్ప ఇంకేదీ కర్రే కాదన్నాడు. పెళ్ళిళ్ళకి వంటలు చేసే మా మావయ్య నల్లతుమ్మ పేరు చెప్పాడు. ముగ్గురూ కరెక్టే. కాకపోతే ఆ కర్రలో ఇంకా నీళ్ళు ఎంతున్నాయన్నది ముగ్గురిలో ఒక్కరూ ఎత్తలేదు, వాళ్ళ కాలంలో కర్ర ఎండే దాకా ఆగడం మామూలు విషయం కాబట్టి చెప్పాలని తోచి ఉండదు.

మే, మూడో వారం

అడితికి వెళ్ళాను. కర్రలు తూకం మీదే అమ్ముతారు, అక్కడే అసలు లెక్క ఉంది. అప్పుడే కొట్టిన కర్రలో దగ్గర దగ్గర సగం బరువు నీళ్ళే ఉండొచ్చు. నూటికి నలభై పాళ్ళు నీళ్ళున్న కర్ర క్వింటా కొంటే మనం ఇంటికి తెచ్చుకునేది అరవై కిలోల కర్ర, నలభై కిలోల నీళ్ళు. నీళ్ళకి కూడా కర్ర రేటే కడుతున్నాం. పచ్చి కర్ర చవగ్గా వస్తోందని ఎవరైనా అంటే ముందు ఈ భాగహారం చేసి చూడండి, చాలాసార్లు ఎండు కర్రే చవకని తేలుతుంది.

కర్ర ఎండిందో లేదో చూడ్డానికి అందరికీ తెలిసిన పద్ధతులు చూశాను. కోసిన చివర్లో మధ్య నుంచి అంచుకి బీటలు ఉండాలి. బెరడు గోటితో లాగితే ఊడి రావాలి. రెండు పేళ్ళు ఒకదానికొకటి కొడితే ఖంగుమనాలి, మెత్తగా దబ్బుమంటే లోపల తడుంది. పైవరసల్లో కర్రలన్నీ ఖంగుమన్నాయి, కింద వరసల్లోంచి లాగినవి దబ్బుమన్నాయి. నేను ఇలా ఒక్కోటీ తీసి కొట్టి చూస్తుంటే అక్కడున్న ముసలాయన నవ్వాడు. "ఏటి బాబూ, కర్రలు కొంతన్నావా బంగారం కొంతన్నావా, అలాగ గీకి గీకి సూత్తన్నావు" అన్నాడు. నవ్వితే నవ్వాడు గానీ కింద వరసలోవి పక్కన పెట్టించి పైవే తూయించాడు.

ఇంటికొచ్చాక ఇంకాస్త గట్టిగా లెక్క తేల్చాలనిపించింది. పద్ధతి తేలికే, కర్ర మధ్యలోంచి పల్చటి బిళ్ళలు కోసి, వంటింటి చిన్న కాటా మీద తూచి, 105 డిగ్రీల దగ్గర ఓవెన్‌లో పెట్టి, బరువు ఇక తగ్గడం ఆగేదాకా మధ్యమధ్యలో తూస్తూ ఉండాలి. కేకులు చేసుకునే ఓవెన్‌లో చింత బిళ్ళలేమిటని మా ఆవిడ అడిగింది, కేకుల కంటే వీటికే వాసన బాగుందని చెప్పి తప్పించుకున్నాను. 200 గ్రాముల బిళ్ళ 130 దగ్గర ఆగిందనుకోండి, పోయిన నీళ్ళు 70 గ్రాములు, అంటే నూటికి 35.

కర్రలో తడి ఎంతుందో చూపించే సూదుల మీటర్లు ఆన్‌లైన్‌లో దొరుకుతాయి, అవి వాడేవాళ్ళు ఒకటి గమనించాలి. అవి నీళ్ళని పూర్తిగా ఎండిన కర్ర బరువుతో పోల్చి చూపిస్తాయి. పై బిళ్ళకే ఆ లెక్క వేస్తే 70ని 130తో భాగించాలి, దాదాపు 54 వస్తుంది. కర్ర ఒకటే, అంకెలు రెండు. పైగా నూటికి 30 దాటిన తడి దగ్గర ఆ మీటరు చెప్పేది పెద్దగా నమ్మకూడదు, 30 లోపు ఫరవాలేదు. అదీ కర్ర పైన గుచ్చితే కాదు, అప్పటికప్పుడు చీల్చి లోపలి ముఖం మీద గుచ్చాలి. పొయ్యికి కావాల్సింది 20 లోపు.

జూన్, వానలకి ముందు

చీల్చడం అయిపోయింది, చేతులు కూడా అయిపోయాయి. సరుగుడు పచ్చిగా ఉన్నప్పుడే చీల్చుకోవాలి, ఎండాక గొడ్డలి వెనక్కి తన్నుతుంది. చింత ఎప్పుడైనా కష్టమే, దాని నార ఒకదాన్నొకటి పెనవేసుకుని ఉంటుంది, ఇనుప చీలలు దిగ్గొట్టి మనుషుల్ని పెట్టి చీల్పించాల్సి వచ్చింది. కొన్ని మొద్దులు అసలు లొంగలేదు, వాటిని కూర్చోడానికి పీటలుగా ఉంచేశాను.

పేళ్ళు అడుగు, అడుగున్నర పొడవుకి మించకుండా కోయించాను. కర్రలో నీళ్ళు చెట్టు నిలువునా పారిన దారి వెంటే బయటికి పోతాయి, కాబట్టి చివరల నుంచి ఎండే వేగం పక్కల నుంచి ఎండే దానికంటే పది పదిహేను రెట్లు ఎక్కువ. నాలుగడుగుల దుంగ ఏడాదైనా లోపల తడిగానే ఉంటుంది, అదే దుంగని ముక్కలు చేసి నిలువునా చీలిస్తే ఒక్క వేసవిలో దారికొస్తుంది. లావు మణికట్టంత ఉంటే చాలు, నీళ్ళపొయ్యికి కాస్త ఎక్కువైనా నష్టం లేదు.

పేర్చడంలో నేను పట్టుబట్టినవి కొన్ని ఉన్నాయి. నేల మీద నేరుగా పెట్టకూడదు, మన నేలల్లో చెద ఎంత వేగంగా ఎక్కుతుందో చెప్పక్కర్లేదు, అందుకే ఇటుకల మీద పాత తాటి దూలాలు వేసి వాటి మీద పేర్చాం. ఇంటి గోడకి ఆనించకూడదు, గాలి ఆడదు, చెద ఇంట్లోకి దారి చేసుకుంటుంది. పైన రేకు వెయ్యాలి, పక్కలు మాత్రం తెరిచి ఉంచాలి. తార్పాలిన్ తెచ్చి కింద దాకా చుట్టేస్తే లోపల తడి లోపలే ఉడికి బూజు పడుతుంది. చాలా ఇళ్ళలో చేసేది సరిగ్గా అదే, వాన పడగానే టెన్షన్ పడి మొత్తం చుట్టేస్తారు.

ఇంకొకటి, కట్టెల గూడు అంటే తేళ్ళకీ కట్లపాములకీ కూడా ఇల్లే. చీకట్లో చెయ్యి పెట్టొద్దని పిల్లలకి చెప్పాను, నేనూ ముందు కర్రతో తట్టి పైనుంచే తీస్తున్నాను.

ఆగస్టు

వానలు. కర్ర ఎండడం ఆగింది, ఆగాల్సిందే. కర్ర చుట్టూ ఉన్న గాలిలోని తేమతో సర్దుకుంటుంది. గాలిలో తేమ నూటికి 80 ఉంటే ఎన్నాళ్ళు ఉంచినా కర్రలో తడి 16 దగ్గర ఆగిపోతుంది, తేమ 60 ఉంటే 11 దాకా దిగుతుంది. రాజస్థాన్‌లో ఎండినట్టు మన దగ్గర ఎండదు, సముద్రం ఒడ్డున కళింగపట్నంలోనో బారువలోనో ఇంకా కష్టం. అయినా 16 అంటే పొయ్యికి బాగానే సరిపోతుంది. మార్చి నుంచి జూన్ దాకా ఎండబెట్టుకున్నది వానల్లో కాపాడుకుంటే చాలు, వానల్లో కొత్తగా ఎండబెట్టాలని చూడొద్దు.

తడి కర్ర ఎందుకు అంత చేటో కూడా ఈ ఖాళీలో లెక్క వేశాను, నాకే ఆశ్చర్యమేసింది. నూటికి నలభై తడి ఉన్న కర్రలో ఆ నీళ్ళన్నీ ఆవిరి చెయ్యడానికి పట్టే వేడి, కర్రలో మొత్తం వేడిలో పదో వంతుకి మించదు. మరి తడి కర్ర మీద కూర అరగంట ఆలస్యంగా ఉడికేది ఎందుకంటే, నీళ్ళు పోయేదాకా కర్ర 100 డిగ్రీల దగ్గరే కూర్చుంటుంది. కర్ర 250, 300 డిగ్రీలు దాటితేనే మండే వాయువులు బాగా బయటికి వస్తాయి, అవి అంటుకోవడానికి ఇంకా ఎక్కువ వేడి కావాలి. ఆ వేడి లేకపోతే వాయువులు మండకుండానే పొగై పోతాయి. అమ్మ కళ్ళలోకి పోతున్న ఆ పొగ మనం డబ్బిచ్చి కొన్న కర్రే.

సెప్టెంబరు

పొయ్యి కట్టడం. వంట పొయ్యికి రాకెట్ పొయ్యి నమూనా తీసుకున్నాను, అమెరికాలో లారీ వినియార్‌స్కీ 1980ల మొదట్లో తయారు చేసినది. కింద అడ్డంగా ఒక నోరు, లోపల నిలువుగా పొట్టి గొట్టం, ఆ గొట్టం చుట్టూ వేడి బయటికి పోనివ్వని సరుకు. అసలు కిటుకు ఆ సరుకులో ఉంది. మందంగా మట్టి గోడ కడితే పొయ్యి గట్టిగా ఉంటుందని మనవాళ్ళు అనుకుంటారు, నిజమే, గట్టిగానే ఉంటుంది, కానీ మొదటి అరగంట వేడంతా ఆ గోడే తాగేస్తుంది. తేలికగా, గాలి నిండి ఉండే సరుకు కావాలి. మన దగ్గర రైస్ మిల్లుల దగ్గర ఊక బూడిద గుట్టలుగా ఉంటుంది, దానికంటే మంచిది దొరకదు. లోపల ఇటుక గొట్టం, బయట పాత డ్రమ్ము రేకు, మధ్యలో ఊక బూడిద దట్టించాను.

నోట్లో సగం ఎత్తున ఇనప జాలీ అడ్డంగా పెట్టాం. కర్ర జాలీ పైన, గాలి జాలీ కింద. ఈ ఒక్క మార్పు పాత పొయ్యికి చేసుకున్నా తేడా వెంటనే తెలుస్తుంది, ఊదుగొట్టం పని సగానికి తగ్గుతుంది. కర్రలు కూడా నోరు మూసుకుపోయేలా కుక్కకూడదు, చివరలు మాత్రమే మండుతూ ఉండాలి, మండేకొద్దీ లోపలికి తొయ్యాలి.

నీళ్ళకి కొత్తగా ఏదీ కట్టనక్కర్లేకపోయింది. అటక మీద అమ్మ పెళ్ళినాటి రాగి బాయిలర్ ఉంది, మధ్యలో గొట్టం, చుట్టూ నీళ్ళు. మంట చుట్టూ నీళ్ళే ఉంటాయి కాబట్టి వేడి వృథా తక్కువ. కళాయి వేయించి, కొళాయి మార్పించాను. దానికి జానెడు ముక్కలు కావాలి, లావు కర్ర గొట్టంలో పట్టదు. మొక్కజొన్న బెండ్లు, కొబ్బరి చిప్పలు, సరుగుడు కొసలు దీనికి భేషుగ్గా సరిపోతాయి.

ఎంత కర్ర కావాలో లెక్క ఇలా వేసుకున్నాను. లీటరు నీళ్ళు ఒక డిగ్రీ వేడెక్కడానికి ఒక కిలో కేలరీ. ఇరవై లీటర్ల బకెట్టుని 20 డిగ్రీల నుంచి 45కి తేవాలంటే 500. మామూలుగా గాలికి ఎండిన కర్ర, అంటే లోపల ఇంకా కాస్త తడి ఉన్నది, కిలోకి 3500 దాకా ఇస్తుంది. మామూలు పొయ్యి మీద డేగిసా పెడితే అందులో ఐదో వంతో ఆరో వంతో నీళ్ళకి చేరుతుందనుకుంటే, బకెట్టుకి ముప్పావు కిలో పైచిలుకు. బాయిలర్‌లో ఇంకా తక్కువే పడుతుంది. నలుగురున్న ఇంటికి చలికాలం రెండు నెలలకి రెండు క్వింటాల దరిదాపు. తమ్ముడికి ఈ లెక్క పంపిస్తే బొటనవేలు బొమ్మ ఒకటి పంపి ఊరుకున్నాడు.

అక్టోబరు

ఇప్పుడు కర్రల గురించి. ఇది రాయాలనే మొదలుపెట్టాను.

ముందు చాలామంది నమ్మని విషయం. పూర్తిగా ఎండితే కిలోకి కిలో అన్ని కర్రలూ దాదాపు ఒకే వేడి ఇస్తాయి, 4500 కిలో కేలరీలకి కాస్త అటూ ఇటూ, సరుగుడు 5000 దగ్గరికి వెళ్తుంది. తేడా అంతా బరువులో ఉంది. ఒకే సైజు పేడు సరుగుడుదైతే చేతికి బరువుగా ఆనుతుంది, మునగదైతే బెండులా ఉంటుంది. బరువు కర్ర నెమ్మదిగా కాలి నిప్పులు మిగులుస్తుంది, తేలిక కర్ర భగ్గుమని మండి బూడిదవుతుంది. కాబట్టి ఏది మంచిదని కాదు, ఏ పనికి ఏదని అడగాలి.

సరుగుడు. మన తీరం పొడవునా ఇసుక నేలల్లో తోటలున్నాయి, నాలుగైదేళ్ళకి కోతకొస్తుంది, నిటారు బాదులు కాగితం మిల్లులకీ సెంట్రింగుకీ పోతాయి, కొసలూ వంకర కొమ్మలూ మనకి చవగ్గా దొరుకుతాయి. పూర్తిగా ఎండకపోయినా మండే కర్ర ఏదైనా ఉందంటే ఇదే. మంట నిలకడగా ఉంటుంది, నిప్పులు చాలాసేపు ఉంటాయి. ఒక్క రకమే కొనగలిగితే ఇది కొనండి. తీరం వెంబడి గాలివాన ఆపడానికి పెంచిన సరుగుడు వరసల్లోంచి మాత్రం ఎవరైనా కొట్టి తెచ్చి అమ్మితే తీసుకోవద్దు, అవి పోతే తుఫాను నేరుగా ఊరి మీదకే.

చింత, నల్లతుమ్మ. రెండూ బరువైనవే, రెండూ నిప్పులకి పెట్టింది పేరు. పూర్వం తుపాకిమందులోకి చింతబొగ్గు వాడేవాళ్ళు. చీల్చే కష్టం, ఎండడానికి పట్టే కాలం భరించగలిగితే వీటిని మించినవి లేవు. రాజెయ్యడానికి మాత్రం పనికిరావు, కింద తేలిక కర్ర మండుతూ ఉండాలి.

సుబాబుల్ త్వరగా ఎండుతుంది, చీల్చడం తేలిక, మంట బాగుంటుంది, నిప్పులు అంతంతమాత్రం. అన్నానికి ఎసరు మరగడానికి ఇలాంటిదే కావాలి. మామిడి కూడా దరిదాపు అంతే, కాకపోతే పురుగు పట్టేస్తుంది, ఒక ఏడాదికి మించి ఉంచుకోకండి. జామాయిల్ మంట ఎక్కువే గానీ చిటపటలాడి నిప్పురవ్వలు ఎగరేస్తుంది, దాని పక్కన కూర్చుని వంట చెయ్యలేం, బాయిలర్‌లోకి ఫరవాలేదు. వేప బాగానే మండుతుంది, పొగ మాత్రం చేదు, మూత లేని గిన్నెకి ఆ వాసన పడుతుందని అమ్మ వంటకి వాడనివ్వదు. నేను చేపల పులుసు వండి చూశాను, అమ్మ మాటే నిజం.

మునగ, బూరుగు దండగ. మర్రి, రావి మా ఇంట్లో కాల్చరు, కాల్చినా అవి తేలిక కర్రలే.

పనస మంచి మొద్దు దొరికితే పొయ్యిలో పెట్టకండి బాబూ. బొబ్బిలి పక్కన గొల్లపల్లిలో వీణలు చేసేది పనస చెక్కతోనే. కొమ్మలు కాల్చుకోండి, మొద్దు అమ్ముకోండి.

రాజెయ్యడానికి మన జిల్లాల్లో గోగు పుల్లలకి మించింది లేదు. నార తీసేశాక మిగిలిన తెల్లటి పుల్ల, లోపల బెండు, అగ్గిపుల్ల తగలగానే అంటుకుంటుంది. గోగు పంట వేసేవాళ్ళు తగ్గిపోయారు, అడిగి తెచ్చుకోవాల్సి వస్తోంది. లేకపోతే కందికంప, తాటాకు మట్టలు. కిరసనాయిలు, ప్లాస్టిక్ కవరు వేసి రాజెయ్యడం చూస్తుంటాను, ఆ పొగ మీద వండుకుని తినడం నాకైతే మనసొప్పదు.

అసలు పొయ్యి దరికి రానివ్వకూడనివి కొన్ని. గన్నేరు విషం, పుల్లకి గుచ్చి మాంసం కాల్చడానికి కూడా వాడకూడదు. రంగు వేసిన తలుపు చెక్కలు, ప్లైవుడ్. బీచ్‌లో దొరికే పాత పడవ చెక్కలు ఊరికే వస్తాయి కదా అని తెస్తారు, వాటికి తారూ రంగూ ఉంటుంది, సముద్రపు ఉప్పు ఇంకి ఉంటుంది, ఆ ఉప్పుతో కాలితే పొగ విషమవుతుంది, ఇనప జాలీ కూడా తినేస్తుంది. వెదురు కణుపులు చీల్చకుండా వేస్తే లోపలి గాలి వేడెక్కి టపాకాయలా పేలతాయి.

అదే నెల, కవిటి నుంచి వచ్చాక

మా అత్తగారిది ఉద్దానం, అంటే కవిటి చుట్టుపక్కల కొబ్బరితోటల ప్రాంతం. పొయ్యి సంగతి విని మావగారు ఆటో నిండా సరుకు పంపిస్తానన్నారు, నేనే వెళ్ళి ఏరుకొచ్చాను. కొబ్బరి చెట్టులో చిప్ప బంగారం, కిలోకి కిలో కర్ర కంటే ఎక్కువ వేడి, పొగ తక్కువ. మట్టలు ఎండితే మంచి మంట. డొక్క, అంటే కాయ మీది పీచు, ఎంత ఎండినా పొగే, రాత్రి దాకా రగులుతూ ఉంటుంది, పశువుల శాలలో దోమలకి పనికొస్తుంది. మొద్దు మాత్రం ఒట్టి దండగ. పీచులో నీళ్ళు పట్టుకుని కూర్చుంటుంది, మండదు.

తిత్లీకి ఉద్దానంలో కొబ్బరి చెట్లు పడిపోయిన తర్వాత ఆ మొద్దులు ఏం చెయ్యాలో ఎవరికీ పాలుపోలేదు. వదిలేస్తే కుళ్ళే మొద్దులో కొమ్ముపురుగు గుడ్లు పెట్టి బతికున్న చెట్ల మీద పడుతుంది. మావగారు వాటిని కోయించి గట్ల మీద మెట్లుగా వేయించారు, కొంత పూడ్పించారు. కాల్చాలని చూసినవాళ్ళు పొగతో విసిగిపోయారు.

పలాస మీదుగా వస్తుంటే జీడిగుల్ల బస్తాలు చూసి మా బామ్మర్ది "బావా, ఇది పెట్రోలులా మండుతుంది, ఒక బస్తా తీసుకుందామా" అన్నాడు. మండే మాట నిజమే, గుల్ల నిండా నూనె. ఆ నూనె చర్మం మీద పడితే పొక్కుతుంది, పొగ కళ్ళకీ గొంతుకీ పడదు. ఫ్యాక్టరీ బట్టీలో, ఎత్తు గొట్టం ఉన్నచోట కాల్చుకుంటారు, మన పెరట్లో కాదు. జీడిచెట్టు కర్ర వేరు, అది ఎండితే మామూలు తేలిక కర్రే, ఒక మోపు తెచ్చాను.

నవంబరు, కార్తీకం

ఉసిరిచెట్టు కింద భోజనాలు, చుట్టాలందరూ కలిసి అరవై మంది దాకా. ఇంతమందికి రాకెట్ పొయ్యి చాలదు, మావయ్య వచ్చి తోటలో గాడిపొయ్యి తవ్వించాడు. గాడి గాలి వాలుకి ఉండాలి, గాలి ఒక చివర నుంచి లోపలికి వచ్చి రెండో చివర పోవాలి, అడ్డంగా తవ్వితే మంట గుండిగ కింద నిలవదు, పక్కకి పోయి వంటవాడి పంచెకి అంటుకుంటుంది. ఇది మావయ్య మాట, ఆయన పంచె అంచు చూస్తే నమ్మొచ్చు.

ఆయన కర్ర వాడే తీరు చూడాలి. మొదట గోగు పుల్లలు, వాటి మీద సుబాబుల్, అన్నం గుండిగ ఎసరు మరిగేదాకా పెద్ద మంట. బియ్యం పడి సగం ఉడికాక మండే కొరివులన్నీ పక్క గుండిగ కిందికి లాగేశాడు, అన్నం కింద చింత నిప్పులు పరిచాడు, మూత మీద కూడా నాలుగు గరిటెలు. మొదట్లో చింత వేసి ఉంటే ఎసరు మరిగేసరికి పొద్దెక్కేది. చివర్లో సుబాబుల్ వేసి ఉంటే అడుగంటేది. బూరెలకి మాత్రం సరుగుడే కావాలని అడిగాడు, నూనె వేడి ఒకేలా ఉండాలి, మంట ఒకసారి లేచి ఒకసారి పడితే పైపూత మాడి లోపల పచ్చిగా ఉంటుంది. కందబచ్చలికి ఏ కర్రయినా ఒకటేనట.

గిన్నెల అడుగున బయటవైపు తడిమట్టిలో బూడిద కలిపి పూయించాడు, మసి దానికే అంటుకుంది, తోమేటప్పుడు ఒక్క చెయ్యి వేస్తే ఊడి వచ్చింది. ఆడవాళ్ళు ఆయనకి ఇంకో బూరె ఎక్కువే పెట్టారు.

జనవరి, పుష్యం

బాయిలర్ రోజూ వెలుగుతోంది. అమ్మ లేచేసరికి నీళ్ళు సిద్ధంగా ఉంటున్నాయి. చిప్పలు నాలుగు, మొక్కజొన్న బెండ్లు గుప్పెడు, సరుగుడు ముక్కలు కొన్ని, ఇదీ రోజు మెనూ. వంట కర్రలు దాదాపు ముట్టుకోలేదు.

కుంపటి దగ్గర మాత్రం అమ్మకీ నాకూ గొడవైంది. రాత్రి మంచం పక్కన నిప్పులు పెట్టుకుని తలుపేసుకుంటానంటుంది, మా అమ్మమ్మ జీవితమంతా అలాగే పడుకుందంటుంది. అమ్మమ్మ పడుకున్నది పెంకుటింట్లో, పెంకుల సందుల్లోంచి నక్షత్రాలు కనిపించేవి, గాలి ఎప్పుడూ ఆడుతూనే ఉండేది. ఇప్పుడు స్లాబ్ వేసి, అల్యూమినియం కిటికీలు బిగించి, ఏసీ కోసం సందులన్నీ మూసేశాం. ఆ గదిలో బొగ్గులు పెడితే కార్బన్ మోనాక్సైడ్ నిండుతుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. పొగ లేకుండా ఎర్రగా కణకణలాడే నిప్పులైతే ప్రమాదం లేదనుకుంటారు, ఆ గ్యాసు వచ్చేది వాటిలోంచే. తలనొప్పి, వికారం, ఆ తర్వాత మగత, నిద్రలో ఉన్నవాళ్ళకి ఏదీ తెలియదు. చివరికి ఒప్పందం ఏమిటంటే, కుంపటి సాయంత్రం వసారాలోనే, కాళ్ళు కాచుకోవడానికి. పడుకునేటప్పుడు మంచంలోకి బాయిలర్ నీళ్ళ రబ్బరు సంచి. మొదటి రోజు మొహం ముడుచుకుంది, ఇప్పుడు సంచి ఇవ్వడం ఆలస్యమైతే పిలుస్తోంది.

భోగికి పిల్లలు కట్టెల గూటి మీద కన్నేశారు. చీల్చడానికి లొంగని చింత మొద్దులు, పురుగు పట్టిన మామిడి, జీడికర్ర వాళ్ళకి ఇచ్చి మిగతా వాటికి తాడు కట్టేశాను. పాత టైర్లు తెస్తామన్నారు, వద్దన్నాను. రంగు వేసిన విరిగిన కుర్చీ కూడా వెనక్కి పంపించాను, అందుకు వాళ్ళు నన్ను ఏమనుకున్నారో నాకు తెలుసు.

బూడిద వృథా చెయ్యడం లేదు. పూర్తిగా చల్లారాక కొబ్బరి మొదళ్ళలో కొద్దికొద్దిగా వేస్తున్నాం, పొటాష్ ఉంటుంది. రెండు రోజులైనా లోపల నిప్పు ఉండొచ్చు కాబట్టి ముందు మూత ఉన్న ఇనప బాల్చీలో పోసి ఉంచుతాను, కట్టెల గూటికి దూరంగా.

వచ్చే ఏడాదికి సరుగుడు మార్చిలో కోత పడే తోట ఒకటి రణస్థలం వైపు మాట్లాడుకున్నాను. కొసలు అక్కడే అడుగున్నరకి కోయించి, దించిన రోజే చీల్పించాలి, మనుషులు దొరికేదాన్ని బట్టి చింత. గూటికి పడమటి వైపు రేకు ఇంకో మూరెడు దించాలి, మొన్నటి జల్లుకి ఆ వైపు చివరలు తడిశాయి. రాకెట్ పొయ్యిలో ఊక బూడిద దిగి పైన ఖాళీ కనిపిస్తోంది, మిల్లు నుంచి ఒక బస్తా తెచ్చి నింపాలి.